దేవుణ్ణి పూర్ణహృదయంతో ప్రేమించడం ఎలా? రోజుకు ఒక్క ఆజ్ఞ చాలు

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అందరం కొత్త ఏటికని బైబిలు వచనం రాసి ఉండే వాగ్దానం కార్డు తీస్తాం. ఆశీర్వాదం వస్తే తెచ్చి ఫ్రిజ్ మీద అంటిస్తాం. "నీ అన్నతో సమాధానపడు" అన్న కార్డు ఆ కట్టలో నాకింతవరకూ తగల్లేదు. ఒడిశాలోని గుణుపురంలో చింతపండు వ్యాపారం చేస్తూ, ఏళ్ల తరబడి ఆదివారం బడి చెబుతూ చూస్తున్నాను. ప్రేమిస్తున్నామని పాడేవాళ్లం బోలెడుమందిమి, మాట వినేది కొద్దిమందే.

కావలసినవి: బైబిలు, నోటుబుక్కు, పెన్సిలు. ఫోన్‌లో బైబిలు వద్దు, రెండో వచనానికే వాట్సాప్ మోగుతుంది. తెల్లవారుజామున ఐదింటికి, చాప మీద కూర్చోవాలి. కుర్చీలో కునుకొస్తుంది, ఇందులో వాదన లేదు. మీకు కోపమొస్తే ఏ భాషలో తిడతారో ఆ భాషలో చదవండి. మా పిల్లలు ఒడియా బడిలో చదివారు, తెలుగు కూడబలుక్కోవాలి. వాళ్లకు ఒడియా బైబిలే ఇచ్చాను.

ముందు ద్వితీయోపదేశకాండం 6:4-5 చదవండి, దేవుణ్ణి పూర్ణహృదయంతో, పూర్ణాత్మతో, పూర్ణశక్తితో ప్రేమించమన్నది అక్కడే. మొదటి మాటే "వినుము". హీబ్రూలో అది షెమా. చెవితో వినడమూ అదే, లోబడడమూ అదే. మనకిది కొత్తేం కాదు. పిల్లాడు మాట వినట్లేదంటే వాడికి చెవుడని ఎవరైనా అనుకుంటారా? తర్వాత సువార్తల్లోంచో ధర్మశాస్త్రంలోంచో (బైబిల్లో మొదటి ఐదు పుస్తకాలు) పది వచనాలు చదివి, రెండు నిమిషాలు ప్రార్థన చేసుకోండి. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు.

చదివినదాంట్లో ఒక ఆజ్ఞ ఎంచుకుని, నోటుబుక్కులో రాసుకుని, పొద్దుగూకేలోగా చేయాలి. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

మొదటి పొరపాటు, గుచ్చుకోనిదాన్ని ఎంచుకోవడం. "ఈ వారం టీ మానేస్తాను ప్రభువా" అంటారు. ఆయన టీ అడిగాడా? సౌలు రాజూ ఇంతే. శత్రువులైన అమాలేకీయుల మందల్ని మిగల్చొద్దని దేవుడంటే, మంచి గొర్రెల్ని ఉంచుకుని "బలి ఇవ్వడానికే" అన్నాడు. మరి నా చెవికి వినబడుతున్న ఈ గొర్రెల అరుపులేమిటని సమూయేలు ప్రవక్త అడిగాడు (1 సమూయేలు 15). మన ఉపవాసాల్లో చాలావరకు ఆ గొర్రెలే. నలభై రోజుల ఉపవాసం నేనూ చేశాను. నడుం తగ్గింది, నోరు తగ్గలేదు. అందుకే ఎవరు ఎన్ని చెప్పినా నా పద్ధతే మేలంటాను.

రెండోది బేరం. ఒకనాడు ద్వితీయోపదేశకాండం 25:13 తగిలింది. సంచిలో వేరువేరు తూనికె రాళ్లు ఉంచుకోకూడదట. నా దగ్గర రాళ్లు లేవు, ఎలక్ట్రానిక్ కాటా. హమ్మయ్య అనుకున్నాను. కానీ కొండమీంచి దిగే సవర ఆడవాళ్ల చింతపండులో బస్తాకు రెండు కిలోలు తరుగు తీసేవాణ్ణి. ఇంట్లో చెబితే మా ఆవిడ, "ఏటండీ, అందరూ తీసిందేగా, మనమొక్కలం మానేస్తే సంత బాగుపడిపోద్దేటి?" అంది. అదీ నిజమే. సగం తీద్దాం అనుకున్నాను. ఒక కిలో. అదే బేరం! ఆ రోజు సంతలో ఒకామె కాటా మీద అంకె చూసింది, తర్వాత నా పెన్ను వైపు చూసింది, ఎంత కొట్టేస్తానో అని. కాటాలో ఉన్నదే రాశాను. ఆమె ఇంకా నిలబడే ఉంది, తరుగు మర్చిపోయాననుకుని. దేవుణ్ణి పూర్ణశక్తితో ప్రేమించమన్నచోట పాత యూదు గురువులు ధనం అని అర్థం చెప్పారు. ఆ సీజన్‌లో గల్లాపెట్టె చూసుకున్నప్పుడు అదేమిటో బాగా తెలిసింది.

మూడోది అన్నిటికన్నా ప్రమాదం. ఇన్ని చేశాను కాబట్టి దేవుడు నన్ను ప్రేమించాలనుకోవడం. వరుస తిరగెయ్యకండి. నిర్గమకాండం 20లో "నిన్ను ఐగుప్తులోంచి రప్పించాను" అన్నది ముందు, పది ఆజ్ఞలు తర్వాత. యోహాను మొదటి పత్రిక 4:19 కూడా ఆయనే మొదట ప్రేమించాడనే అంటుంది. ఈ వరుస మర్చిపోయినవాళ్లు రెండు నెలల్లో అలిసిపోతారు. లేదా పక్కింటివాళ్ల లెక్క రాయడం మొదలెడతారు, అది ఇంకా అన్యాయం.

రాత్రి పడుకోబోయే ముందు నోటుబుక్కు తీయండి. పొద్దున రాసుకున్నదాని పక్కన "చేశాను", "చేయలేదు" ఈ రెంటిలో ఒకటి రాయండి. "ప్రయత్నించాను" అన్న మాట నేను ఒప్పుకోను. చేయకపోతే క్షమాపణ అడిగి, మర్నాడు కొత్త ఆజ్ఞ వెతక్కుండా అదే మళ్లీ రాసుకోండి. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్న మత్తయి 5:24 దగ్గర నా పుస్తకంలో పదకొండు రోజులు "చేయలేదు" అనే ఉంది. పన్నెండోనాడు పర్లాకిమిడి బస్సెక్కాను. అన్నయ్య తలుపు తీసి, "భోంచేశావేట్రా?" అన్నాడు.