రిటైరయ్యాక రెండు ఆవులు పెంచాలంటే: ముందు గడ్డి, ఆఖరుకు ఆవు

గ్రాట్యుటీ డబ్బులు బ్యాంకులో పడగానే ఆవు కొనడానికి అంగడికి పోయేవాళ్లను మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని మా ధర్మాబాద్, బిలోలి వైపు చాలామందిని చూశాను. నేనూ అట్లా పోయినవాణ్నే. ఊళ్లో రెండెకరాల చెలక ఉంది, చిన్నప్పుడు అమ్మ పాలు పిండుతుంటే పక్కన కూర్చున్న గుర్తు ఉంది, ఇంకేం కావాలనుకున్నాను. ఆవు ఇంటికొచ్చిన మూడో రోజుకే చొప్ప కోసం పక్కింటి కాక దగ్గర చెయ్యి చాచాల్సి వచ్చింది. అందుకే నేను చెప్పే వరసలో ఆవు చాలా కిందికి వస్తుంది.

ముందు సంఖ్య తేల్చుకోండి

రెండు. ఒక్కటే ఉంటే తోడు లేక బెంగపడి అరుస్తుంది, పైగా అది ఒట్టిపోయిన నెలల్లో మీరు పాలు కొనుక్కోవాలి. మూడోది వచ్చిందంటే జీతగాడు కావాలి, జీతగాడు వచ్చాడంటే అది సరదా కాదు, వ్యాపారం. ఆ రెండూ ఐదారు నెలల తేడాతో ఈనేటట్టు చూసుకుంటే ఏడాదంతా ఇంట్లో పాలుంటాయి. పాలమ్మి పింఛన్‌కు తోడు చేసుకుందామనే ఆలోచన ఉంటే ఇక్కడే ఆగి మళ్లీ లెక్క వేసుకోండి.

ఆవుకంటే మూణ్నెల్ల ముందు గడ్డి

ఒక ఆవుకు రోజుకు పచ్చిగడ్డి 25 కిలోలు, ఎండుమేత 5–6 కిలోలు వేసుకోండి. రెండింటికీ ఏడాదికి పచ్చిది సుమారు 18 టన్నులు, ఎండుది 4 టన్నులకు అటూఇటూ. నీళ్లుంటే 10 గుంటల సూపర్ నేపియర్ గానీ కో-4 గానీ (రెండూ నేపియర్ గడ్డి రకాలే) ఈ పచ్చిమేతకు సరిపోతుంది. రెండు కణుపుల ముక్కలు రెండడుగులకొకటి నాటితే 10 గుంటలకు 2,700 దాకా పడతాయి. జూన్ వానలకు నాటితే 70–75 రోజులకు మొదటి కోత, ఆ తర్వాత 45 రోజులకొకటి. అయితే ఒట్టి నేపియర్ మీదే పశువును బతికించొద్దు. అందులో ఆక్జలేట్ ఎక్కువ, అది ఒంట్లో కాల్షియాన్ని లాగేస్తుంది. గట్ల మీద దశరథ గడ్డి, ఒక మూలన లూసర్న్ వేసి కలిపి మేపండి.

పక్కనే గోదావరి ఉంది కదా అనే ధీమా వద్దు. సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం గోదావరి మీది బాబ్లీ బ్యారేజీ గేట్లు జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా ఎత్తే ఉండాలి, అంటే ఆ రోజుల్లో అక్కడ నీళ్లు ఆపరు. మీకు కావాల్సిన లెక్క అది కాదు, మే నెలలో మీ బోరు ఎన్ని గంటలు పోస్తుందన్నది. పాలిచ్చే ఆవు ఎండాకాలంలో తాగడానికే రోజుకు 60–80 లీటర్లు లాగుతుంది.

ఎండుమేతకు మనవైపు జొన్న చొప్పను మించింది లేదు. రబీ జొన్న కోసిన ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే కొని, కింద రాళ్లు, దుంగలు పేర్చి వామి వేయించుకోండి. జూన్‌లో కొందామంటే అమ్మేవాడు చెప్పిందే ధర. సోయా పొట్టు ఊరికే దొరుకుతుందని చాలామంది అదే నింపుతారు. దాన్ని చొప్పలో కొంచెం కలపడం వరకు బాగుంటుంది.

ఎండు చొప్పతో భయం లేదు కానీ పచ్చి జొన్నతో ఉంది. ఒక ఏడు మే చివర్లో ఒక దెబ్బ వాన పడి, కోసిన జొన్న మోళ్లకు జానెడు పిలకలు లేచాయి. పొద్దున మా పెయ్య పలుపు తెంపుకుని అందులో పడింది. నేను చూసి, పోనీలే, రెండు నోళ్లు తింటుందని టీ తాగడానికి కూర్చున్నాను. గ్లాసు కింద పెట్టేలోపే అది మోకాళ్ల మీద కూలింది. నోరు తెరుచుకుని గాలికోసం ఎగబీలుస్తోంది, కళ్ల లోపలి పొర ఎర్రగా మెరుస్తోంది. కాక గోడ దూకి వచ్చి దాని మూతికంటిన ఆకు చూసి, "జొన్న పట్టింది బిడ్డా, డాక్టర్‌కు ఫోన్ కొట్టు" అన్నాడు. డాక్టర్ సాబ్ బండి మీద దారిలో ఉండగానే అయిపోయింది. లేత జొన్నలో, ముఖ్యంగా నీళ్లు లేక వాడినదాంట్లో, కోశాక లేచిన పిలకల్లో సైనైడ్ తయారవుతుంది. ఒంట్లో రక్తం ఉంటుంది, రక్తంలో గాలీ ఉంటుంది, కండలు మాత్రం ఆ గాలిని వాడుకోలేవు. దీనికి సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కించాలి, అదీ నిమిషాల మీద. పూత దశకు రాని జొన్నను పచ్చిగా మేపొద్దు. మోళ్లున్న చేలో వాన పడ్డాక పశువును విడవొద్దు.

కొట్టం

ఖర్చు పెట్టాల్సింది నేల మీద, కప్పు మీద కాదు. పొడవు తూర్పు పడమరలుగా, ఒక్కో ఆవుకు కప్పు కింద మూడున్నర చదరపు మీటర్లు, ఆరుబయట తిరగడానికి ఏడు. నున్నటి సిమెంటు వేయించొద్దు, గీతలు కొట్టించండి. ఆవు జారితే తుంటి విరుగుతుంది, మీరు జారినా అంతే. మన వయసుకు పనికొచ్చేది ఇంకొకటి: నడుం వంచకుండా గడ్డి వేసేటట్టు గాడిని కట్టించుకోండి, పేడ బండి తోసుకుని పోయేంత దారి వెనక వదలండి.

ఇప్పుడు ఆవు

మన పక్కనే రెండు మంచి జాతులున్నాయి. లాతూర్ జిల్లా దేవణి పేరు మీదున్న దేవణి ఒకటి, నాందేడ్ జిల్లా కంధార్ పేరు మీదున్న లాల్ కంధారి ఇంకొకటి. దేవణిలో మొత్తం తెల్లగా ఉండి మొహం నల్లగా ఉన్నదాన్ని వన్నెర అని, ఒళ్లంతా నల్ల మచ్చలున్నదాన్ని శెవెర అని అంగట్లో అంటారు. రోజుకు మూడు నాలుగు లీటర్లిచ్చే దేవణి ఇద్దరు ముసలివాళ్లకు ఎక్కువే. లాల్ కంధారి ప్రధానంగా దుక్కి జాతి, పాలు ఇంకా తక్కువ. హెచ్ఎఫ్ క్రాస్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ జాతితో కలిపిన సంకరం) పాలు ఎక్కువిస్తుంది, నిజమే. కానీ 43, 44 డిగ్రీల మే నెలలో దానికి ఫ్యాన్లు పెట్టి, తడిపి, పిడుదుల నుంచి వచ్చే థైలేరియా జ్వరం కోసం కాపలా కాయాలి. నా ఓటు దేవణికే. ఒక్క చిక్కుంది, దూడను వదిలితే తప్ప చేపదు. దూడ పోతే పాలూ పోయినట్టే.

రెండో ఈత, దూడతో ఉన్నదాన్ని తీసుకోండి. ఒక్క పూట పిండి చూసి నమ్మొద్దు. నేను కొన్న మొదటిదానికి పొదుగు కుండలా ఉంది. ఇంటికొచ్చాక తేలింది, రెండు పూటలు పిండకుండా ఆపి అంగడికి తోలుకొచ్చారని. సాయంత్రం పూర్తిగా పిండించి, రాత్రి అక్కడే పడుకుని, తెల్లారి, మళ్లీ సాయంత్రం మీ కళ్ల ముందు పిండించండి. నాలుగు చన్నుల నుంచీ మొదటి ధారలు నల్లగుడ్డ మీద పిండితే గడ్డలుంటే కనిపిస్తాయి. చెవికి 12 అంకెల పసుప్పచ్చ బిళ్ల ఉందా, బ్రూసెల్లా (చూడి ఈసుకుపోయే రోగం) రక్తపరీక్ష చేయించారా అని అడగండి. ఆ పరీక్షకు ఒప్పుకోని మనిషి దగ్గర కొనొద్దు. బ్రూసెల్లా మనుషులకూ అంటుకుంటుంది.

రోజువారీ పని

దాణా లెక్క సులువు: ఒంటి పోషణకు కిలోన్నర, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో. మక్క పిండి, తవుడు, సర్కీ పెండ (పత్తిగింజల చెక్క) కలిపి, రోజుకు 50 గ్రాముల మినరల్ మిక్చర్, 30 గ్రాముల ఉప్పు వేయండి. పెళ్లిలో మిగిలిన అన్నం బకెట్లకొద్దీ పెట్టొద్దు. కడుపులో పులిసి ఆవు పడిపోతుంది. పాలు పిండాక అరగంట దాకా దాన్ని పడుకోనివ్వకుండా ముందు గడ్డి వేయండి, అప్పటికి చన్ను రంధ్రం మూసుకుంటుంది. పొదుగు వాపు అనుమానం ఉంటే, అర లీటరు నీళ్లలో మూడు చెంచాల సర్ఫ్ కలిపి, అంతే కొలత పాలతో గిన్నెలో తిప్పండి. జిగురుగా గడ్డ కడితే డాక్టర్‌ను పిలవాలి. సూది వేయించాక డాక్టర్ చెప్పినన్ని రోజులు ఆ పాలు పారబోయండి, మనవడికి పొయ్యొద్దు.

టీకాలు, ఎద, ఈనడం

గాలికుంటుకు ఏడాదికి రెండుసార్లు; గొంతువాపు, జబ్బవాపులకు వానలకు ముందు మేలో; లంపీకి (ఒంటి మీద గడ్డలు లేచే చర్మరోగం) ఏటా ఒకసారి. పెయ్యదూడకు 4–8 నెలల మధ్య బ్రూసెల్లా టీకా, జన్మకొక్కసారే. పశువైద్యానికి 1962 నంబరు ఫోన్లో వేసుకోండి. నొప్పులకు డైక్లోఫెనాక్ ఎవరైనా ఇస్తామంటే వద్దనండి. రాబందులు చచ్చిపోతున్నాయని 2006లోనే పశువులకు దాన్ని నిషేధించారు.

ఎద 21 రోజులకొకసారి వస్తుంది. పొద్దున అరిస్తే సాయంత్రం, సాయంత్రం అరిస్తే మర్నాడు పొద్దున చూడి కట్టే సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలి. చూడి 280 రోజుల పైచిలుకు. ఈనిన గంటలోపే దూడ చేత ముర్రుపాలు తాగించండి. ఆవుకు మాయ పడాలని ఆపకండి, ఆ మాట పెద్దవాళ్లు చెప్పినా సరే. 12 గంటలైనా మాయ పడకపోతే డాక్టర్‌ను పిలవండి, చేత్తో లాగొద్దు. మాయను ముట్టాల్సి వస్తే గ్లవ్స్ వేసుకోండి.

కోడెదూడ పుడితే? మహారాష్ట్రలో 2015 నుంచి ఎద్దులు, కోడెల వధ నిషేధం. దుక్కులన్నీ ట్రాక్టర్‌తోనే అవుతున్నాయి కాబట్టి అడిగేవాళ్లు తక్కువ. ఆడదూడలు పుట్టే సెక్స్‌డ్ సెమెన్ మీ దవాఖానాలో ఉందేమో కనుక్కోండి. లేదంటే ఆ కోడెను ఎన్నాళ్లు మేపగలరో ముందే ఇంట్లో అనుకోండి.

ఊరెళ్లే సంగతి కూడా ఆవు కొనకముందే తేల్చుకోవాలి. బాసరకు పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు, పుణెలో కొడుకు దగ్గరికి పోతే నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులు పిండే మనిషి ఆవుకు ముందే అలవాటై ఉండాలి. మా ఇంటామె కాక కోడలిని నెలకు రెండుసార్లు పిలిచి పిండిస్తుంది, ఆ పూట పాలు ఆమెకే. మేం బయల్దేరే ముందు రోజు కొట్టం తలుపు మీద సుద్దముక్కతో రాసి పోతాను: దాణా ఎన్ని డబ్బాలు, దూడకు ఏ చన్ను వదలాలి, డాక్టర్ సాబ్ నంబరు. కింద పెద్దక్షరాలతో, జొన్న చేను వైపు విప్పొద్దు.