సదరం పరీక్షకు వెళ్లే ముందు: మానసిక వ్యాధితో ఉన్నవారి కుటుంబాలు తీసుకోవలసిన జాగ్రత్తలు

గుంటూరులో గానీ విజయవాడలో గానీ సదరం శిబిరానికి, అంటే వైకల్యం ఎంత శాతమో పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ప్రభుత్వ శిబిరానికి, వెళ్లదలచినవారు ముందుగా సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ నమోదు చేయించుకుని, రసీదులోని పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోలాయో లేదో అక్కడే చూసుకోవాలి.

చికిత్స కాగితాలన్నీ తేదీల వరుసలో పెట్టుకోండి. మడతల దగ్గర చిరిగి సిరా వెలిసిపోయిన పాత ఓపీ చీటీని కూడా పారేయకండి. ఎందుకంటే మానసిక వ్యాధి వల్ల కలిగే వైకల్యాన్ని లెక్కగట్టే ఐడియాస్ (IDEAS) కొలమానంలో స్వీయ సంరక్షణ, ఇతరులతో సంబంధాలు, సంభాషణ, పని అనే నాలుగు అంశాలతోపాటు జబ్బు ఎంతకాలంగా ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది. వైకల్యం కనీసం 40 శాతంగా తేలితేనే పింఛనుకు అర్హత ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, డాక్టరుగారు అడిగినప్పుడు తల్లులు మొహమాటంతో "బాగానే ఉన్నాడండీ" అనకూడదు. స్నానానికి ఎన్నిసార్లు చెప్పాలో, మందులు ఎవరు చేతిలో పెడుతున్నారో, పని ఎప్పుడు మానేశాడో ఇంటి దగ్గరే ఒక కాగితం మీద రాసుకుని, ఉన్నది ఉన్నట్టు, పెంచకుండా, దాచకుండా చెప్పాలి. జబ్బు తీవ్రంగా కనిపించాలని ఆ రోజు మాత్రలు ఆపించడం చాలా ప్రమాదకరం. దయచేసి ఎవరు చెప్పినా ఆ పని చేయకండి.

జనం మధ్య కూర్చోలేని మనిషైతే అతనికి చనువున్న ఒకరిని తోడు తీసుకెళ్లి, మంచినీళ్లు, మధ్యాహ్నపు మాత్రలు సంచిలో ఉంచుకోవాలి. ధ్రువపత్రం చేతికొచ్చాక అది శాశ్వతమా, తాత్కాలికమా చూసి, గడువు తేదీ ఉంటే రాసిపెట్టుకోవాలి.