డార్జిలింగ్ చిన్న బండి నీళ్లకి ఆగినప్పుడు ఏం చూడాలి

బిట్రగుంట రైలింజిన్ల షెడ్డులో ఏడేళ్లు ఫైర్‌మన్‌గా బొగ్గు వేసినవాణ్ణి. పోయిన శీతాకాలం మనవడు డార్జిలింగ్ తీసుకెళ్లాడు. బండి నీళ్లకి ఆగిందో లేదో, జనమంతా బిలబిలా దిగి ఇంజిన్‌కి వీపు తిప్పి సెల్ఫీలు మొదలెట్టారు. చూడాల్సిందంతా ఆ వీపుల వెనకే జరిగిపోయింది. వెళ్లబోయేవాళ్ల కోసం నాలుగు ముక్కలు.

ముందు టికెట్. డార్జిలింగ్ నుంచి ఘుమ్ దాకా వెళ్లొచ్చే జాయ్‌రైడ్‌లో డీజిల్ బళ్లూ నడుస్తాయి. స్టీమ్ అని ఉందో లేదో చూసి మరీ తీసుకోండి. తెల్ల చొక్కా వేసుకోకండి, బొగ్గు నుసి వదలదు.

మా పెద్ద లైను డబ్ల్యూజీ ఆవిరి ఇంజిన్‌కి వెనక ఇంటంత టెండరు, అంటే బొగ్గూ నీళ్లూ మోసే పెట్టె ఉండేది. డార్జిలింగ్ బండిని లాగే ఈ బీ క్లాసు ఇంజిన్‌కి టెండరే లేదు. పట్టాల మధ్య దూరమే రెండడుగులు. నీళ్లు కొన్ని బాయిలర్ మీద జీనులా కూర్చున్న ట్యాంకులో, కొన్ని కింద ఫ్రేముల మధ్య ట్యాంకులో. బొగ్గు క్యాబ్‌కి, అంటే డ్రైవరు నిలబడే గదికి ముందుంటుంది. ఆ గుట్ట మీదే ఒక మనిషి కూర్చుని సుత్తితో పెళ్లలు పగలగొట్టి లోపలికి అందిస్తాడు. మాకు అలాంటి మనిషి లేడు, కాస్త అసూయే వేసింది! 1881లో పూర్తయిన ఈ లైను సిలిగురి మైదానం నుంచి 2,258 మీటర్ల ఎత్తున్న ఘుమ్ దాకా ఎక్కుతుంది. అంత చిన్న ట్యాంకుతో అంత ఎక్కుడంటే మాటిమాటికీ దాహమే. అక్కడ కొండవాగుని ఝోరా అంటారు. ఆ నీళ్లే పైపుల్లో తెచ్చి ఇంజిన్లకి పట్టేవాళ్లు.

ఇక బండి ఆగాక నీళ్లు పట్టే గొట్టం దగ్గర నిలబడకండి, తడుస్తారు. క్యాబ్ పక్కకి రండి, అడ్డం రాకుండా. లోపల నిలువుగా గాజు గొట్టం కనిపిస్తుంది, గేజ్ గ్లాస్. బాయిలర్లో నీళ్లెన్నో చెప్పేది అదే. కొండ మీద మాత్రం అది అబద్ధమాడుతుంది. చిమ్నీ పైకెత్తి ఎక్కేటప్పుడు నీళ్లు వెనక్కి చేరి గాజు నిండుగా కనిపిస్తుంది. దిగుడు తగలగానే నీళ్లు ముందుకి జారిపోతాయి, నీళ్లు తక్కువుంటే పొయ్యి కప్పు బయటపడుతుంది. అప్పుడు కప్పులో కాపలాగా బిగించిన సీసం బిరడా, లెడ్ ప్లగ్గు, కరిగి ఆవిరి నిప్పుల మీదికి తన్నుకొస్తుంది. మా రోజుల్లో ప్లగ్గు కరిగించుకున్న ఫైర్‌మన్ కొన్నాళ్లు క్యాంటీన్ వైపే వచ్చేవాడు కాదు.

అందుకే ఫైర్‌మన్ చెయ్యి చూడండి. ట్యాంకులోకి నీళ్లు పట్టడం ఒక ఎత్తు, అవి బాయిలర్లోకి పంపడం ఇంకో ఎత్తు. ఆవిరి జోరుతో నీళ్లని బాయిలర్లోకి తోసే ఇంజెక్టర్ తిప్పగానే సన్నగా పాడినట్టు చప్పుడొస్తుంది, ప్రెషర్ ముల్లు కాస్త దిగుతుంది. ఎక్కుడులో ఆ దిగడం ప్రాణం మీదికొస్తుంది. ఆగి ఉన్నప్పుడైతే నిప్పు తేరుకోడానికి టైముంటుంది. ఈలోగా అతను పొడవాటి ఊచతో నిప్పు కెలికి, క్లింకర్, అంటే కరిగి గట్టిపడిన బూడిద పెళ్లలు విడగొట్టి, బొగ్గు పల్చగా పరుస్తాడు. బయట డ్రైవర్ నూనె డబ్బా పట్టుకుని, బేరింగుల మీద అరచెయ్యి కాకుండా వెనకచెయ్యి ఆనించి వేడి చూస్తాడు. చిమ్నీ నుంచి నల్లగా గుప్పుమంటే ఫొటో బాగుంటుంది గానీ, బొగ్గు వృథా అవుతున్నట్టే. నాకైతే లేత బూడిదరంగు పొగే అందం.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక చిన్న స్టేషన్లో నీళ్లు పట్టి, కాలమ్ చెయ్యి, అంటే ఇంజిన్ మీదికి వంగే నీళ్ల స్తంభం గొట్టం, పక్కకి తిప్పడం మరిచాను. ఇంజిన్ అడుగు కదిలిందో లేదో దాని చివర వేలాడే బ్యాగు చిరిగి నేనూ డ్రైవరూ నిలువునా తడిశాం. అప్పట్నుంచీ నా చెవి ట్యాంకు మూత మీదే. మీరూ అంతే. మూత టప్పున పడిన చప్పుడు వినగానే పెట్టె ఎక్కేయండి, గార్డు పచ్చజెండా కోసం చూడకండి.