పెడల్ దగ్గర చప్పుడు వస్తుంటే ఆయిల్ పోసి ఘాట్ ఎక్కకండి

మొన్న శ్రీశైలం వెళ్తున్న మాకు తెలిసిన కుటుంబం కారు, డ్యామ్ వైపు దిగే మలుపుల్లో బ్రేక్ అందక కొండ గోడకు రాసుకుంటూ పోయి ఆగింది. పెద్దాయన చెయ్యి విరిగింది, మిగతావాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. రోడ్డుకు రెండో వైపు లోయ. కారుకు పదిహేనేళ్లు దాటాయి. బ్రేక్ తొక్కినప్పుడల్లా కాలి దగ్గర "స్‌స్" మంటోందని ఇంట్లో అందరికీ తెలుసు. బయల్దేరే ముందు డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు కూడా వెలిగింది. దారిలో షాపులో బ్రేక్ ఆయిల్ కొని పోశారు. లైటు ఆరింది. బండి కదిలింది.

కార్తీకం వచ్చేసింది. శ్రీశైలం, తిరుమల, ఆ తర్వాత చలికి అరకు, లంబసింగి, మారేడుమిల్లి. ఏడాదంతా ఊళ్లో నాలుగు వీధులు తిరిగిన పాత కార్లన్నీ ఈ రెండు మూడు నెలల్లో కొండలెక్కుతాయి. టైర్లలో గాలి చూసుకోండి, సీటు బెల్టు పెట్టుకోండి లాంటివి ఇక్కడ రాయను, అవి మీకు తెలుసు. నేను పదే పదే చూసిన తప్పు ఒకటుంది. ఆయిల్ ఎందుకు తగ్గిందో చూడకుండా పోసేసి బండి తీయడం.

బ్రేక్ ఆయిల్ ఖర్చయ్యే సరుకు కాదు. అది ఆవిరై తగ్గదు, కాలి తగ్గదు. మూసి ఉన్న గొట్టాల్లో మీ కాలి బలాన్ని చక్రాల దాకా మోయడమే దాని పని. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గిందంటే కారణాలు రెండే. ప్యాడ్లు (చక్రం డిస్కును పట్టి ఆపే బిళ్లలు) అరిగి, వాటిని నెట్టే క్యాలిపర్ పిస్టన్ బయటికి జరిగి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగి ఉండాలి. లేదంటే ఎక్కడో కారుతుండాలి. మొదటి కారణమైతే మీకు కావలసింది ప్యాడ్లు. రెండోదైతే రిపేరు. రెండింట్లో ఏదైనా సరే, ఆయిల్ పోస్తే లైటు మాత్రమే ఆరుతుంది. ఆ లైటు మట్టం తగ్గిందని చెబుతుందే గానీ ఎందుకు తగ్గిందో చెప్పలేదు.

కింద తడి లేదు కాబట్టి లీకు లేదనుకుంటారు. పాత కార్లలో అసలు ప్రమాదం ఇక్కడే. పెడల్‌కు ఎదురుగా, ఇంజిన్ వైపు, నల్లటి గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది. అదే బూస్టర్, గాలి లాగే బలంతో మీ తొక్కుడుకు సాయపడేది. దాని ముందు బిగించి ఉండేది మాస్టర్ సిలిండర్, మీరు తొక్కితే ఆయిల్‌ను గొట్టాల్లోకి నెట్టేది. మాస్టర్ వెనక వైపు రబ్బరు వాషర్ అరిగితే ఆయిల్ నేల మీద పడదు, నేరుగా బూస్టర్ లోపలికి పోతుంది. లోపల రబ్బరు పొర ఆ ఆయిల్‌లో నాని పాడవుతుంది, చిరుగుతుంది. అప్పుడు గాలి లాగుతూ మొదలయ్యేదే మీరు కాలి దగ్గర వినే "స్‌స్". అంటే ఒకే జబ్బుకు రెండు గుర్తులు కనబడుతున్నా, ఒకదానికి ఆయిల్ పోసి, రెండోది వినబడకుండా పాటల సౌండు పెంచుతున్నారు. మాస్టర్ కింద బూస్టర్ మీద పెయింటు ఉబ్బి పొరలుగా లేస్తోందా చూడండి. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది కాబట్టి ఆ గుర్తు అబద్ధం చెప్పదు. పెట్రోల్ కారులో కారణం తెలియని తెల్ల పొగ వస్తున్నా అనుమానించాల్సిందే, బూస్టర్‌లో చేరిన ఆయిల్‌ను ఇంజిన్ లాక్కుని కాలుస్తూ ఉండొచ్చు.

చప్పుడు ఎక్కడిదో తేల్చండి

ఏసీ, పాటలు ఆపండి. అద్దాలు దించండి. ఒకరు తొక్కాలి, ఇంకొకరు బయట నిలబడి వినాలి. బండి ఆగి ఉన్నప్పుడు కూడా వస్తే చప్పుడు పెడల్, బూస్టర్, మాస్టర్ వైపుది. బండి కదులుతుంటేనే వస్తే ఎక్కువగా చక్రాల వైపుది. మెకానిక్‌కు ఈ ఒక్క ముక్క చెప్పగలిగితే సగం పని అయినట్టే.

కాలి దగ్గర, తొక్కిన ఆ క్షణం మాత్రమే చిన్నగా "స్" మని ఆగిపోతే చాలా కార్లలో అది మామూలే, బూస్టర్‌లోకి గాలి వెళ్తున్న శబ్దం. తొక్కి పట్టుకున్నంతసేపూ వస్తున్నా, కాలు తీశాక కూడా ఆగకపోయినా, తొక్కగానే ఇంజిన్ వణుకుతున్నా, పెడల్ గట్టిగా రాయిలా తగులుతున్నా మామూలు కాదు. బూస్టర్ గానీ, దానికి వచ్చే గొట్టం గానీ, ఆ గొట్టంలో ఉండే వాల్వు గానీ పోయింది. ముందు గొట్టం చూపించండి. పాతబడి పగిలిన గొట్టం చవకలో పోతుంది, బూస్టర్ ఖరీదు. చాలా పాత డీజిల్ కార్లలో బూస్టర్‌కు గాలి లాగే పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. అక్కడ బెల్టు తెగితే బ్యాటరీ చార్జింగుతో పాటు బ్రేక్ సాయమూ పోతుంది.

"కిర్రు" మంటే పెడల్ ఇరుసు దగ్గర బుష్ (ఇరుసు చుట్టూ ఉండే తొడుగు) ఎండిపోయిందని. ప్రమాదం తక్కువ. "టక్" అనే చిన్న చప్పుడు బ్రేక్ లైటు స్విచ్‌ది కావచ్చు. కానీ నిన్నటిదాకా లేని "టక్" ఇవాళ వస్తుంటే, పెడల్‌ను బూస్టర్ రాడ్‌కు కలిపే పిన్ను, దాని చివరి క్లిప్పు టార్చి వేసి చూడాల్సిందే. ఆ పిన్ను ఊడితే పెడల్ ఉంటుంది, బ్రేక్ ఉండదు.

తొక్కగానే కింద నుంచి ఒక్కసారి "ధబ్" మంటే క్యాలిపర్ బోల్టు వదులవడం, ప్యాడ్ క్లిప్పు ఊడిపోవడం, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి పట్టి ఉంచే కింది కడ్డీ) బుష్ పోవడం, వీటిలో ఏదో ఒకటి. చక్రాల దగ్గర సన్నటి ఈల లాంటి కీచు, ప్యాడ్ అరిగిందని చెప్పే రేకుది కావచ్చు. అది కొన్ని రోజులు అరిచి "గర్ర్"గా మారితే ప్యాడ్ అయిపోయి ఇనుము డిస్కును కోస్తోంది. గట్టిగా తొక్కినప్పుడు పెడల్ అదురుతూ గరగరమంటే అది ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పని చేస్తున్న శబ్దమేనని కొందరు ధైర్యం చెబుతారు. మీ కారుకు ఏబీఎస్ ఉందో లేదో ముందు చూసుకోండి. మన దేశంలో అమ్మే కార్లన్నింటికీ అది తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే. అంతకుముందు కొన్న చిన్న కార్లు చాలావాటికి లేదు. లేని కారులో పెడల్ అదురుతుంటే డిస్కో, డ్రమ్మో వంకరపోయింది.

ఇంటి దగ్గర చేసుకునే పరీక్షలు

ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే తొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్ పనిచేయడం లేదు.

ఇంజిన్ నడుస్తుండగా ఒకే బలంతో అర నిమిషం తొక్కి పట్టండి. పెడల్ మెల్లగా నేల వైపు జారుతుంటే మాస్టర్ పోయినట్టు, లేదా ఎక్కడో కారుతున్నట్టు. ఈ పరీక్షలో తప్పిన కారును ఊరి పొలిమేర కూడా దాటించకండి.

తొక్కితే స్పాంజిలా మెత్తగా ఉండి, రెండోసారి తొక్కితే పైకి లేస్తోందా? లైన్లో గాలి ఉంది. ఇక్కడ కూడా అదే తప్పు చేస్తారు. ఆయిల్ పోస్తారు, నాలుగు సార్లు పంప్ చేస్తారు, పెడల్ లేస్తుంది, "ఓకే" అనుకుంటారు. గాలి పైనుంచి పోసిన ఆయిల్‌తో పోదు, చక్రం చక్రం దగ్గరా బ్లీడింగ్ చేసి, అంటే ఆయిల్‌తో పాటు గాలిని బయటికి వదిలి, తీయాలి. ఆ గాలి ఎలా దూరిందో కూడా చూడాలి.

వెనక చక్రాల బ్రేక్ డ్రమ్ములు విప్పించండి. చాలా షాపుల్లో ముందు ప్యాడ్లు చూసి పంపిస్తారు, డ్రమ్ములు విప్పరు. డ్రమ్ములో బ్రేక్‌ను నెట్టే వీల్ సిలిండర్ కారితే తడి అంతా డ్రమ్ము లోపలే ఉంటుంది. ఆ సిలిండర్ రబ్బరు మూత కొంచెం ఎత్తి లోపల తడి ఉందేమో మీరే దగ్గరుండి చూడండి.

ఆయిల్ మార్చి ఎన్నాళ్లయింది? బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 3 రకం ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే 230, 155. ఘాట్ దిగేటప్పుడు వేడికి లోపల ఆవిరి బుడగలు పుట్టాయంటే పెడల్ ఒక్కసారిగా నేలకు తగులుతుంది. రెండేళ్లు దాటితే పాతదంతా తీసి కొత్తది పోయించండి. మళ్లీ చెబుతున్నాను, పాతదాని మీద కొంచెం పోయడం మార్చడం కాదు.

ఇంకా కొన్ని ఉన్నాయి, గుర్తొచ్చిన వరసలో రాస్తున్నాను.

బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అని ఉందా, డాట్ 4 అని ఉందా చదివి అదే కొనండి.

ఇంజిన్ ఆయిల్ గానీ, పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ ఒక్క చుక్క కూడా ఆ డబ్బాలో పోయకండి. లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

మూత తెరిచి ఎన్నాళ్లో మూలన పడి ఉన్న సీసాలోది వాడకండి.

చప్పుడు పోవాలని ప్యాడ్ల మీద, డిస్కు మీద నూనె, గ్రీజు, స్ప్రే కొట్టకండి. ఎవరైనా కొడతానంటే ఆ షాపు నుంచి బండి తెచ్చేసుకోండి.

ప్యాడ్లు మార్పిస్తే రెండు పక్కలా మార్పించండి.

రిపేరు ప్రయాణం ముందు రోజు సాయంత్రం వద్దు. వారం ముందు చేయించి, ఊళ్లో నడిపి, మట్టం మార్కు పెట్టుకుని రోజూ చూడండి. ఒక్క గీత తగ్గినా ప్రయాణం ఆపండి, బస్సులో వెళ్లండి.

డ్రైవర్ కాళ్ల దగ్గర నీళ్ల సీసా, చెప్పులు, జారే మ్యాటు ఉండకూడదు. సీసా పెడల్ కిందికి దొర్లితే ఎంత మంచి బ్రేక్ అయినా పడదు.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో రాత్రి 9కి అడవి గేటు మూస్తారని మన్ననూరు చెక్‌పోస్టు దాకా వేగంగా తోలుకుంటూ వెళ్లకండి. ఆలస్యమైతే బయటే ఆగి పొద్దున 6 తర్వాత వెళ్లండి.

తిరుమలలో దిగేది 1944 నాటి పాత ఘాట్, బిగువు మలుపులు ఎక్కువగా దాంట్లోనే. 1974లో వేసిన ఎక్కే దారిలో కారు బాగుందని దిగేటప్పుడు ధైర్యం చేయకండి. ఎక్కేటప్పుడు బ్రేక్‌కు పరీక్ష లేదు.

దిగేటప్పుడు రెండో గేరు. మలుపు బిగువుగా ఉంటే ఒకటి.

న్యూట్రల్ వద్దు.

పెట్రోల్ మిగులుతుందని ఇంజిన్ ఆపి దిగకండి. బూస్టర్‌లో మిగిలిన సాయం రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. బూస్టర్ కారుతున్న కారులో ఆ మాత్రం కూడా ఉండదు.

బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచకండి. తొక్కండి, వేగం తగ్గించండి, వదలండి.

మాడు వాసన వస్తే ఆగండి. గేరులో పెట్టి చక్రం కింద రాయి వేయండి. డిస్కు మీద నీళ్లు పోయకండి. చల్లారేదాకా కూర్చోండి, వెనక ఎవరు హారన్ కొట్టినా సరే.

దారిలో ఎర్ర లైటు వెలిగితే హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించి ఉందా చూడండి. ఉంటే బండి అక్కడే ఆపండి. పక్కవాళ్లు సీసా తెచ్చి ఇస్తారు, పోయమంటారు, "కిందికి దిగాక చూపించుకోండి" అంటారు. వినకండి. పోసి దిగకండి. టోయింగ్ బండిని పిలవండి.

పెడల్ నేలకు తగిలితే గబగబా పంప్ చేయండి, గేర్లు ఒక్కొక్కటిగా దించండి. హ్యాండ్ బ్రేక్ కేబుల్‌తో పనిచేస్తుంది, దానికి ఆయిల్ అక్కర్లేదు. బటన్ నొక్కి ఉంచి కొంచెం కొంచెంగా లాగండి, ఒక్కసారిగా లాగితే బండి తిరిగిపోతుంది. ఇంజిన్ ఆపకండి. హారన్ వదలకండి. అప్పటికీ ఆగకపోతే కొండ వైపుకు రాయించండి, లోయ వైపు స్టీరింగ్ తిప్పకండి.