స్లైడ్ మీద గుండె కరెంటు దారిని గుర్తుపట్టడం ఎలా?

గుండె స్లైడ్ చేతికి రాగానే నేరుగా నలభై రెట్ల లెన్స్ తిప్పకండి. హిస్టాలజీ (కణజాలాల అధ్యయనం) ప్రాక్టికల్‌కి వచ్చే ప్రతి బ్యాచ్‌కీ నేను ముందు చెప్పేది ఇదే. ఒక్క కణాన్ని మాత్రమే చూపించి పేరు చెప్పమంటే నేనూ చెప్పను. అది ఎక్కడుంది, చుట్టూ ఏముంది, తర్వాతి సెక్షన్‌లో ఎటు పోయింది అన్నది తెలియాలి. ఒక కణం గుండె కరెంటు దారికి, అంటే కొట్టుకోమనే సంకేతాన్ని మోసే ప్రత్యేక కండరానికి, చెందిందని తేల్చడానికి 1910లో జర్మన్ పాథాలజిస్టులు ఆషాఫ్, మోన్‌కెబెర్గ్ పెట్టిన షరతులూ ఇలాంటివే: పక్క కండరానికి భిన్నంగా కనిపించాలి, సెక్షన్ వెంట సెక్షన్ అనుసరించడానికి వీలవ్వాలి, పీచు తొడుగుతో వేరుపడి ఉండాలి. మూడో షరతు నోడ్లకు (ఆ దారిలోని కణాల ముద్దలకు) పెట్టకండి, అది జఠరికలకు కరెంటు తీసుకెళ్లే హిస్ బండిల్‌కీ దాని శాఖలకీ సంబంధించింది.

గుండె లయని మొదలుపెట్టే ఎస్ఏ నోడ్ కంటికి కనబడదు. అందుకే పై మహాసిర కుడి కర్ణికలో కలిసేచోట, అక్కడి కండర గట్టు క్రిస్టా టెర్మినాలిస్‌కి అడ్డంగా కోసిన ముక్క కావాలి. స్టెయిన్ మాసన్ ట్రైక్రోమ్ అయితే పని సులువు: కండరం ఎర్రగా, కొలాజెన్ నీలంగా వస్తుంది. నాలుగు రెట్ల లెన్స్ కింద ఎపికార్డియం (గుండె బయటి పొర) వైపు నుంచి వెతకండి. నీలం ఎక్కువగా కలిసిన ప్రాంతం, చాలా గుండెల్లో దాని నడుమ ఒక ధమని కనిపిస్తాయి. చుట్టుపక్కల కొవ్వులో నాడీ గాంగ్లియాలు (నాడీకణాల గుంపులు) కనిపిస్తే సరైన చోటికి వచ్చినట్టే. ఇప్పుడు పెద్ద లెన్స్ తిప్పండి. కణాలు సన్నగా, పాలిపోయి, చిక్కుపడి ఉంటాయి. మయోఫైబ్రిల్స్ (సంకోచించే పోగులు) తక్కువ, ఇంటర్‌కలేటెడ్ డిస్కులు (కణాలను కలిపే అడ్డ అతుకులు) అరుదు.

కర్ణికల నుంచి జఠరికలకు కరెంటు దాటించే ఏవీ నోడ్ దగ్గర తొందర పనికిరాదు. కరోనరీ సైనస్ (గుండె సొంత సిర) ద్వారం, టోడారో స్నాయువు, ట్రైకస్పిడ్ కవాటపు సెప్టల్ రేకు అంచు కలిసి చేసే కోక్ త్రిభుజం నుంచి వరుస సెక్షన్లు తీయాలి. ఒక్క సెక్షన్ చూసి తేల్చేస్తే నేను మార్కులు వేయను. గట్టి నోడ్ అర్ధచంద్రాకారంలో గుండె మధ్యలోని కొలాజెన్ ముద్ద సెంట్రల్ ఫైబ్రస్ బాడీకి ఆనుకుని ఉంటుంది. ముందుకు వెళ్లేకొద్దీ ఆ కొలాజెన్ నోడ్‌ని చుట్టేస్తూ వస్తుంది. పూర్తిగా చుట్టేసిన చోట నోడ్ అయిపోయి హిస్ బండిల్ మొదలైంది. గమనించండి, ఆ గీత దగ్గర కణాల రూపం ఒక్కసారిగా మారదు, మారేది తొడుగు. జపాన్ శాస్త్రవేత్త తవారా 1906లో ఈ దారిని నోడ్ నుంచి చివరి కొమ్మల దాకా వరుస సెక్షన్లతోనే అనుసరించాడు.

బండిల్ శాఖలు తేలికే. ఎడమది సెప్టమ్ (జఠరికల నడిగోడ) మీద ఎండోకార్డియం (గుండె లోపలి పొర) కింద పలచగా పరుచుకుంటుంది, కుడిది తాడులా సాగి కుడి జఠరికలోని కండర పట్టీ మోడరేటర్ బ్యాండ్‌లోకి వెళ్తుంది.

ఆ శాఖల చివరి కొమ్మలైన పర్కింజీ తంతువుల విషయంలో పాఠ్యపుస్తకం బొమ్మే తంటా తెస్తుంది. ఉబ్బిన తెల్లటి కణాలు, మధ్యలో గ్లైకోజెన్, మయోఫైబ్రిల్స్ అంచులకు నెట్టుకుపోయి ఉండటం: ఇవన్నీ గొర్రెలాంటి గిట్టల జంతువుల్లో బాగా కనిపిస్తాయి. వాటికి పేరిచ్చిన శాస్త్రవేత్త పర్కింజీ 1839లో వర్ణించినవీ గొర్రె గుండెలోవే. మనిషి గుండెలో తేడా అంత కొట్టొచ్చినట్టు ఉండదు. మామూలు స్టెయిన్‌లో కణం మధ్య ఖాళీగా కనిపిస్తే, అక్కడి గ్లైకోజెన్ తయారీలో కరిగిపోయి ఉండొచ్చు. గ్లైకోజెన్‌కి రంగు పట్టించే పీఏఎస్ స్టెయిన్ వేసి, పక్క సెక్షన్‌కి ముందు డయాస్టేజ్ (గ్లైకోజెన్‌ని కరిగించే ఎంజైమ్) పెట్టి పోల్చండి. రంగు రెండోదాంట్లో పోతే గ్లైకోజెనే.

ఇంకో ఉచ్చు ఉంది. రక్తం చాలని గుండెలో ఎండోకార్డియం కిందనున్న మామూలు కండర కణాలు కూడా బుడగలు పట్టి పాలిపోతాయి. అవి గుంపుగా, చుట్టూ తొడుగు లేకుండా, పక్క కండరంలోకి నేరుగా కలిసిపోతుంటే పర్కింజీ అని రాయకండి.

అప్పటికీ తేలకపోతే ఒక్కో ప్రోటీన్‌ని పట్టి చూపే యాంటీబాడీలు వాడండి. నోడ్ కణాల్లో హెచ్‌సీఎన్4 (ఒక అయాన్ చానెల్ ప్రోటీన్) వెలుగుతుంది, కనెక్సిన్ 43 (కణం నుంచి కణానికి కరెంటు దాటించే ప్రోటీన్లలో ఒకటి) దాదాపు ఉండదు. హిస్-పర్కింజీ వైపు కనెక్సిన్ 40 వస్తుంది. నోడ్‌లో కరెంటు సెకనుకు సుమారు 0.05 మీటర్లు నడిస్తే పర్కింజీలో 2 నుంచి 4 మీటర్లు పరిగెత్తడానికి ఈ తేడా ఒక కారణం. స్టెయిన్ చేసేటప్పుడు పక్కన కర్ణిక కండరం, జఠరిక కండరం రెండూ పెట్టుకోండి: కనెక్సిన్ 40 కర్ణికలోనూ వెలుగుతుంది.