విల్లు పిడి తోలు: నాకు కుదిరిన దారం

నా వెదురు విల్లు పిడికి చుట్టిన తోలు బాగానే ఉంది, కుట్టే విడిపోయింది. అది నూలు దారం. చెమట, తేమ తగిలితే నూలు కుళ్లిపోతుంది. వేసవిలో విజయవాడలో అరచెయ్యి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

ముందు సన్నటి తోలు తాడుతో అల్లి చూశాను. చూడ్డానికి ఎంత బాగుందో! కానీ ఆ మందం వేళ్ల కింద గట్టులా తగిలి, పట్టు ఒక్కోసారి ఒక్కోలా కుదిరేది. పట్టు మారితే బాణం దారీ మారుతుంది, అందుకే విప్పేశాను. నైలాన్ గట్టిదే గానీ సాగుతుంది.

చివరికి కుదిరింది మైనం పట్టించిన 0.8 మిల్లీమీటర్ల పాలిస్టర్ దారం. పెద్దగా సాగదు, చెమటకు కుళ్లదు. మైనం జిగట వల్ల కుట్టు బిగించిన చోటే నిలుస్తుంది.

అసలు కిటుకు తోలు కొలతలో ఉంది. తంగేడు లాంటి చెట్ల బెరడుతో పదును చేసిన తోలు తీసుకుని, పిడి చుట్టుకొలత కంటే 3 మిల్లీమీటర్లు తక్కువగా కోశాను. తడిపితే అది సాగుతుంది, ఆరాక పిడిని పట్టేస్తుంది. రెండు అంచుల్లోనూ ఎదురెదురుగా 5 మిల్లీమీటర్లకో రంధ్రం పెట్టాను. దారం రెండు కొసలకూ చెరో సూది. ఒక్కో సూదినీ అంచుల మధ్య సందులోంచి దించి, అవతలి అంచు రంధ్రంలోంచి పైకి లాగాలి. కుట్టు వరస అరచేతి వైపు కాదు, గురి వైపు ఉండాలి.

మిగిలిన కొసకు లైటర్ సెగ చూపిస్తే కరిగి ముద్దవుతుంది. మంట మాత్రం తోలుకు తగలనివ్వకండి.