రాత్రి ఎక్కించిన చిట్టీలు పొద్దున లేవు: సాఫ్ట్‌వేర్ డేటా ఎక్కడ దాగుతుంది, ఎక్కడ ఉండాలి

యాసంగి వడ్లు మిల్లులకు వచ్చే రోజుల్లో మిర్యాలగూడ వైపు నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకటే మాటతో మొదలవుతాయి: "అన్నా, రాత్రి ఎక్కించిన కాంటా చిట్టీలు పొద్దుగాల చూస్తే లేవు." కొందరు వైరస్ అంటారు, కొందరు హార్డ్‌డిస్క్ పోయిందంటారు. అన్నిటికన్నా బాధ కలిగించేది, రాత్రి డ్యూటీ గుమస్తాను అనుమానించడం. నేను చూసిన కేసుల్లో చాలావాటిలో డేటా ఎక్కడికీ పోలేదు, మనం వెతికే చోట లేదంతే. నల్లగొండ, దేవరకొండ, పాలమూరు వైపు నేను రిపేరుకు వెళ్లిన కంప్యూటర్లలో పదేపదే ఎదురైన తంటాలు ఇక్కడ రాస్తున్నాను.

ఏ లక్షణం కనిపించినా ముందు చేయాల్సింది ఒకటే. ఆ సాఫ్ట్‌వేర్‌ను మూసేయండి. తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి, ఫార్మాట్ జోలికి పోకండి. సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌ను, ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌ను, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోల్డర్‌ను ఒక పెన్‌డ్రైవ్‌కో బయటి డిస్క్‌కో కాపీ చేయండి. ప్రోగ్రామ్‌డేటా, యూజర్స్ లోపలి యాప్‌డేటా రెండూ దాచిన ఫోల్డర్లు. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి హిడెన్ ఐటెమ్స్ టిక్ చేస్తేనే కనబడతాయి. ఈ ఒక్క టిక్ తెలియక ఎంతమంది డేటా పోగొట్టుకున్నారో నాకు తెలుసు.

ఒక లాగిన్‌లో ఉన్నవి ఇంకో లాగిన్‌లో లేవు

మిర్యాలగూడ దగ్గరి ఒక రైస్ మిల్లు సంగతి ఇది. కాంటా గదిలో ఒకటే కంప్యూటర్. పగటి గుమస్తాకో లాగిన్, రాత్రి గుమస్తాకో లాగిన్. ఇద్దరూ ఒకే సాఫ్ట్‌వేర్ తెరిచి లారీ నంబరు, రైతు పేరు, నిండు తూకం, ఖాళీ తూకం ఎక్కిస్తారు. మూడు వారాలు గడిచాక సేటు మొత్తం లెక్క తీయమంటే పగటి లాగిన్‌లో పగటి చిట్టీలే వచ్చాయి, రాత్రి లాగిన్‌లో రాత్రివే. పైగా రెండింటికీ ఒకటే వరుస నంబర్లు. నాకన్నా ముందు వచ్చిన టెక్నీషియన్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' కొట్టాడట. అప్పుడు పగటివీ లేవు, రాత్రివీ లేవు. ఇన్‌స్టాల్ చేసిన రోజు వేసి చూసిన రెండు ట్రయల్ చిట్టీలు మాత్రం కనబడ్డాయి. రైతులకు డబ్బు కట్టేది ఆ తూకాలను బట్టే. ఆ గదిలో అందరి మొహాలు పాలిపోయాయి.

కారణం ఇది. ఆ సాఫ్ట్‌వేర్ చిట్టీలన్నీ దాచే తన డేటాబేస్ ఫైల్‌ను తన పక్కనే, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే పెట్టుకుంది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో దాదాపు అందరూ అడ్మినిస్ట్రేటర్‌గానే పనిచేసేవాళ్లు కాబట్టి అది నడిచిపోయింది. 2007లో విండోస్ విస్టా వచ్చాక, అడ్మినిస్ట్రేటర్ అనుమతి లేకుండా నడిచే ప్రోగ్రామ్‌కు అక్కడ ఫైల్ రాయడం కుదరదు. పాత సాఫ్ట్‌వేర్లు ఒక్కసారిగా మూలన పడకుండా మైక్రోసాఫ్ట్ ఒక సర్దుబాటు చేసింది. పాత 32-బిట్ ప్రోగ్రామ్ అక్కడ రాయబోతే, విండోస్ ఆ ఫైల్‌కు ఆ యూజర్ సొంత ఫోల్డర్‌లో ఒక నకలు తీసి, రాతలన్నీ ఆ నకలులో పడేలా చూస్తుంది. ఈ సంగతి ప్రోగ్రామ్‌కు తెలియదు. చదివేటప్పుడు కూడా ముందు నకలునే చూస్తుంది. అంటే మిల్లులో ఒకటి కాదు, మూడు డేటాబేసులున్నాయి: పగటి నకలు, రాత్రి నకలు, ఎవరూ ముట్టని అసలు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే ఈ మళ్లింపు జరగదు కాబట్టి ఆ టెక్నీషియన్‌కు రెండు ట్రయల్ చిట్టీలే ఉన్న అసలు ఫైల్ కనబడింది.

నకళ్లు ఉండే చోటు: సి డ్రైవ్, యూజర్స్, ఆ యూజర్ పేరు, యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్. దాని లోపల మళ్లీ ప్రోగ్రామ్ ఫైల్స్ (64-బిట్ విండోస్ అయితే ప్రోగ్రామ్ ఫైల్స్ x86) అనే ఫోల్డర్, అందులో మీ సాఫ్ట్‌వేర్ పేరు. ఫైల్ తేదీ నిన్నటిదో ఇవాళ్టిదో అయితే దొంగ దొరికినట్టే. ఇంకో రుజువు కూడా ఉంది. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్ తెరిచి, పైన కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి 'యూఏసీ వర్చువలైజేషన్' కాలమ్‌ను కలపండి (యూఏసీ అంటే అడ్మినిస్ట్రేటర్ పనులకు అనుమతి అడిగే విండోస్ కాపలా). మీ ప్రోగ్రామ్ ఎదురుగా 'ఎనేబుల్డ్' అని ఉంటే మళ్లింపు నడుస్తోందన్నమాట. మైక్రోసాఫ్ట్ దీన్ని పాతవాటి కోసం తాత్కాలికంగా పెట్టింది తప్ప దీని మీద ఆధారపడమని కాదు. 64-బిట్ ప్రోగ్రామ్‌లకు ఇది వర్తించదు. అవి నేరుగా 'యాక్సెస్ డినైడ్' అంటాయి. నా దృష్టిలో అదే మేలు, తప్పు మొదటి రోజే బయటపడుతుంది.

పరిష్కారానికి వస్తే, ముందుగా మూడు ఫైళ్లనూ మూడు వేర్వేరు పేర్లతో దాచండి. తర్వాత డేటాకు అందరికీ ఉమ్మడిగా ఉండే చోటు ఒకటి ఖాయం చేయండి. ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్ ఉన్నది అందుకే. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో డేటా పాత్ (ఫైల్ ఉండే చోటు చిరునామా) మార్చే వీలుంటే అక్కడికి మార్చండి. వీలు లేకపోతే రెండే మార్గాలు: సాఫ్ట్‌వేర్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్ బయట, డి డ్రైవ్‌లో సొంత ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేయడం, లేదా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఆ ఒక్క ఫోల్డర్‌కు మాత్రం యూజర్స్ గ్రూప్‌కి మాడిఫై అనుమతి ఇవ్వడం. రెండోది నాకు ఇష్టం లేదు, ప్రోగ్రామ్ ఫైల్‌ను కూడా ఎవరైనా మార్చేయగలరు కాబట్టి. తప్పనిసరై ఇచ్చినా ఒకటి మరిచిపోకండి. వర్చువల్‌స్టోర్‌లో పాత నకలు అలాగే ఉంటే ప్రోగ్రామ్ దాన్నే చదువుతూ ఉంటుంది. అన్ని లాగిన్లలోనూ ఆ నకలును అక్కడి నుంచి తీసేసి వేరే చోట దాచాలి. అన్నీ సరిగ్గా చేసి ఈ ఒక్కటి వదిలేసి, మళ్లీ రెండు రోజులు తల పట్టుకున్నాను నేను.

మిల్లులో రెండు లెక్కలూ కలపడం అన్నిటికన్నా కష్టమైంది. నంబర్లు ఒకటే కావడంతో యంత్రంతో కలపలేకపోయాం. కార్బన్ కాపీలు పక్కన పెట్టుకుని, రాత్రి చిట్టీలను పగటి డేటాబేస్‌లోకి కొత్త నంబర్లతో చేత్తో ఎక్కించాం. ఏ రైతు తూకమూ తప్పిపోలేదు.

ఈ జబ్బుకు చాలామంది వేసే మందు రోగాన్ని పెంచుతుంది: యూఏసీని పూర్తిగా ఆపేయడం, లేదా ఐకాన్‌కు ఎప్పుడూ అడ్మినిస్ట్రేటర్‌గానే తెరుచుకునేలా టిక్ పెట్టడం. మళ్లింపు ఆగి ప్రోగ్రామ్ పాత అసలు ఫైల్‌కు వెళ్లిపోతుంది, నెలల డేటా మాయమైనట్టు కనబడుతుంది. ఆ కంగారులో దాని మీద కొత్త డేటా ఎక్కించడం మొదలుపెడితే ఇక కలపడం ఇంకా చిక్కు.

ఒకరు చేసిన బిల్లు ఇంకొకరు దిద్దలేరు

జడ్చర్లలో ఒక ఎరువుల దుకాణంలో చూశాను. డేటా ప్రోగ్రామ్‌డేటాలోనే ఉంది, అంటే చోటు సరైనదే. కానీ యజమాని లాగిన్‌లో తయారైన ఫైల్‌ను కొడుకు లాగిన్‌లో తెరిస్తే 'రీడ్ ఓన్లీ' అంటుంది. ప్రోగ్రామ్‌డేటాలో మామూలు యూజర్ ఎవరైనా కొత్త ఫైల్ పెట్టగలరు, చదవగలరు. కానీ ఇంకొకరు పెట్టిన ఫైల్‌ను మార్చే హక్కు వాళ్లకు మామూలుగా రాదు. ఆ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్, ఎడిట్, యూజర్స్, మాడిఫై టిక్, ఓకే. ఐదు నిమిషాల పని. నిజానికి ఇది ఇన్‌స్టాల్ చేసేటప్పుడే సాఫ్ట్‌వేర్ చేసి పెట్టాల్సింది.

ఫార్మాట్ కొట్టాక అన్నీ పోయాయి

"డి డ్రైవ్‌లో అన్నీ ఉన్నయి సారూ, డెస్క్‌టాప్ మీదియే లేవు." ఈ మాట వింటే నాకు గుండె బరువెక్కుతుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడూ మామూలుగా సి డ్రైవ్‌లోని యూజర్స్ లోపలే ఉంటాయి. సి డ్రైవ్ ఫార్మాట్ చేస్తే వాటితోపాటు యాప్‌డేటాలోని బ్రౌజర్ బుక్‌మార్క్‌లు, ప్రతి సాఫ్ట్‌వేర్ సెట్టింగులూ పోతాయి. ఫార్మాట్ చేయకుండా పాతదాని మీదే విండోస్ వేసి ఉంటే సి డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో పాత యూజర్స్ ఫోల్డర్ దొరుకుతుంది. అది ఎప్పటికీ ఉండదు, అప్‌గ్రేడ్ చేసినప్పుడైతే మామూలుగా 10 రోజులకే విండోస్ దాన్ని తుడిచేస్తుంది. అందుకే చూసిన రోజే కాపీ తీయండి. నిజంగానే ఫార్మాట్ అయి ఉంటే కంప్యూటర్‌ను వెంటనే ఆపేసి, రికవరీ పని తెలిసినవారి దగ్గరికి తీసుకెళ్లండి. పాత హార్డ్‌డిస్క్‌లో ఆశ ఉంటుంది. లోపల తిరిగే పళ్లెం లేని కొత్తరకం డిస్క్, అంటే ఎస్ఎస్‌డీ అయితే ఖాళీ అయిన జాగాను ట్రిమ్ అనే ఏర్పాటు లోపల తుడిచేస్తుంది కాబట్టి ఆశ చాలా తక్కువ.

విండోస్ అసలు తెరుచుకోవడమే లేదంటే కూడా ఫార్మాట్ ముందు మందు కాదు. పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ బూట్ చేసి యూజర్స్, ప్రోగ్రామ్‌డేటా రెండూ బయటికి తీసుకోవచ్చు. క్రోమ్, ఎడ్జ్ లాంటి బ్రౌజర్లలో దాచిన పాస్‌వర్డ్‌లు మాత్రం ఫోల్డర్ కాపీ చేసినంత మాత్రాన కొత్త విండోస్‌లో రావు. వాటి తాళం పాత లాగిన్‌తో ముడిపడి ఉంటుంది.

ఇలాంటిదే ఇంకోటి: ఒక పొద్దున డెస్క్‌టాప్ మొత్తం కొత్త కంప్యూటర్‌లా ఖాళీగా తెరుచుకుంటుంది. మీ లాగిన్ తాలూకు ఫోల్డర్, సెట్టింగులు, అంటే ప్రొఫైల్ లోడ్ కాక విండోస్ తాత్కాలిక ప్రొఫైల్ ఇచ్చిందన్నమాట. అందులో ఏమీ సేవ్ చేయకండి, లాగౌట్ అయితే పోతుంది. రీస్టార్ట్ చేయండి. అప్పటికీ అలాగే ఉంటే మీ పాత ఫోల్డర్ యూజర్స్‌లోనే ఉంటుంది, ముందు దాన్ని కాపీ తీయండి.

పేరు తెలుగులో పెట్టాక కొన్ని సాఫ్ట్‌వేర్లు తెరుచుకోవు

ఇది మన బాధ, మనమే రాసుకోవాలి. నల్లగొండలో ఒక టీచరమ్మ ఇష్టంగా తన లాగిన్ పేరు తెలుగు లిపిలో పెట్టుకుంది. యూజర్స్‌లో ఫోల్డర్ కూడా తెలుగు పేరుతోనే తయారైంది. కొత్త సాఫ్ట్‌వేర్లన్నీ బాగానే నడిచాయి. ఒక పాత ప్రింటింగ్ ప్రోగ్రామ్ మాత్రం పాత్‌లో ప్రశ్నార్థకాలు చూపించి, ఫైల్ దొరకలేదని ఆగిపోయింది. పాత ప్రోగ్రామ్‌లు అక్షరాలను గుర్తుపట్టడానికి వాడే కోడ్‌పేజీ (ఒక్కో భాషకు ఒక్కో అక్షరాల పట్టిక) విండోస్‌లో తెలుగుకు లేదు, అన్ని భాషలకూ ఉమ్మడి పట్టిక అయిన యూనికోడ్ ఒక్కటే. యూనికోడ్ తెలియని ప్రోగ్రామ్‌కు ఆ ఫోల్డర్ పేరు చదవడమే రాదు. అకౌంట్ పేరు తర్వాత మార్చినా ఫోల్డర్ పేరు మారదు. చేయాల్సింది ఇంగ్లీషు అక్షరాలతో కొత్త అకౌంట్ తెరిచి ఫైళ్లు అందులోకి కాపీ చేసుకోవడం. ఆ అకౌంట్‌లోకి వచ్చాక మీ ఫైళ్లకు, ఫోల్డర్లకు తెలుగు పేర్లు నిశ్చింతగా పెట్టుకోండి. తప్పు ఆ అమ్మది కాదు, ఆ ప్రోగ్రామ్ రాసినవారిది.

డాక్యుమెంట్స్‌లో పెట్టినవి వన్‌డ్రైవ్‌లోకి వెళ్లాయి

వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ అయితే డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారిపోతాయి. పాత పాత్‌ను గట్టిగా రాసుకున్న సాఫ్ట్‌వేర్‌కు అక్కడ ఏమీ దొరకదు. ఉత్తరాలు, ఫొటోలకు ఈ ఏర్పాటు మంచిదే, ఉచితంగా 5 జీబీ వరకు దాస్తుంది. నిరంతరం తెరిచి ఉండే డేటాబేస్‌కు మాత్రం మంచిది కాదు. రెండు కంప్యూటర్లలో మారితే కంప్యూటర్ పేరు తగిలించుకున్న రెండో ఫైల్ పుడుతుంది, ఏది సరైనదో తేల్చడం మన పని అవుతుంది. వన్‌డ్రైవ్ సెట్టింగుల్లో మేనేజ్ బ్యాకప్‌కి వెళ్లి డాక్యుమెంట్స్‌ను ఆపండి. ఆపాక ఫైళ్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనే ఉండిపోవచ్చు, చూసి వెనక్కి తెచ్చుకోండి. రోజూ సాయంత్రం సాఫ్ట్‌వేర్ మూసేశాక తీసిన బ్యాకప్ ఫైల్‌ను వన్‌డ్రైవ్‌లో వేయడం సరైన పద్ధతి.

ఫోన్‌లో యాప్ తీసేసి మళ్లీ వేసినా ఇదే గొడవ. ఆండ్రాయిడ్‌లో యాప్ సొంత జాగాలోని డేటా యాప్‌తోపాటే పోతుంది. 'క్లియర్ క్యాష్' వల్ల ఇబ్బంది లేదు, 'క్లియర్ డేటా' కొడితే అన్నీ పోతాయి. యాప్ లోపలి బ్యాకప్ ముందే తీసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ రాసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

నల్లగొండ, పాలమూరు కాలేజీల నుంచి వచ్చి దుకాణాలకు, మిల్లులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిస్తున్న పిల్లలు చాలామంది ఉన్నారు. పైన రాసిన బాధల్లో సగం మీ చేతుల్లోనే ఆగిపోతాయి. ప్రోగ్రామ్ పక్కన ఏమీ రాయకండి. ఒక యూజర్ సెట్టింగులు యాప్‌డేటాలోని రోమింగ్‌లోకి, ఈ కంప్యూటర్‌కే పనికొచ్చేవి, మళ్లీ తయారుచేసుకోగలిగేవి లోకల్‌లోకి, అందరూ పంచుకునేవి ప్రోగ్రామ్‌డేటాలోకి వెళ్లాలి. మనిషి తన చేత్తో తెరిచి ఎవరికైనా పంపే బిల్లులు, రిపోర్టులు డాక్యుమెంట్స్‌లో ఉండాలి. టెంప్ ఫోల్డర్‌లో పోయినా పర్వాలేదనుకున్నదే పెట్టాలి. సి డ్రైవ్ పాత్‌ను కోడ్‌లో గట్టిగా రాయకుండా, ఆ ఫోల్డర్ ఎక్కడుందో విండోస్‌నే అడగండి. లైనక్స్‌లో ఎక్స్‌డీజీ పద్ధతి ప్రకారం సెట్టింగులు హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్‌లోకి, డేటా డాట్ లోకల్ లోపలి షేర్‌లోకి, మళ్లీ తయారయ్యేవి డాట్ కాష్‌లోకి పోతాయి. మ్యాక్‌లో యూజర్ లైబ్రరీ లోపలి అప్లికేషన్ సపోర్ట్ ఉంది.

సాఫ్ట్‌వేర్‌లో ఒక మూల 'డేటా ఇక్కడుంది' అని పూర్తి పాత్ చూపించి, పక్కన ఆ ఫోల్డర్ తెరిచే బటన్ పెట్టండి. రాత్రి పదకొండింటికి కాంటా గది నుంచి ఫోన్ చేసే గుమస్తాకు ఆ బటన్ ఎంత పెద్ద సాయమో చెప్పలేను. ఇచ్చేముందు రెండు మామూలు లాగిన్లు తెరవండి, రెంటికీ అడ్మినిస్ట్రేటర్ హక్కు ఇవ్వకండి. మొదటి దాంట్లో ఒక చిట్టీ ఎక్కించి, రెండో దాంట్లో తెరిచి చూసి, దిద్ది, సేవ్ చేయండి. మొదటి దాంట్లోకి తిరిగొచ్చినప్పుడు ఆ దిద్దుబాటు కనబడితే మిల్లుకు తీసుకెళ్లి ఇన్‌స్టాల్ చేయవచ్చు.